చప్పట్లకు దీపావళి పేరు

నిన్న రాత్రి అంట్లు తోముతూ జమైకా గాయకుడు షాన్ పాల్ పాట ‘గెట్ బిజీ’ పెట్టుకున్నాను. ఈసారి చెవి మొత్తం వెనకాల వచ్చే చప్పట్ల మీదే. సబ్బు చేతులతో సింక్ అంచు మీద ఆ దరువు వేస్తే నాలుగోసారికి గానీ కుదరలేదు. అది కట్టింది జమైకాకు చెందిన స్టీవెన్ ‘లెంకీ’ మార్స్‌డెన్. పేరు ‘దివాలీ’ రిడిమ్. అవును, మన దీపావళే! డాన్స్‌హాల్ అనే జమైకా సంగీతంలో ఒకే బీట్ మీద చాలామంది పాడతారు, ఆ బీట్‌నే రిడిమ్ అంటారు. వేన్ వండర్ ‘నో లెటింగ్ గో’ కూడా ఇదే చప్పట్ల మీద నడుస్తుంది, కానీ ఎంత మెత్తగా ఉంటుందో! 2003లో ‘గెట్ బిజీ’ అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ అయింది. నాకైతే ముందు లెంకీకే దండం పెట్టాలనిపించింది. కుళాయి కట్టేసి, తడి చేతులతో అక్కడే నిలబడి మళ్లీ మొదటినుంచి విన్నాను.