నాన్న శాంపిల్ ఇచ్చి ఎనిమిది నెలలు

మా పూర్వీకులు ఒడిశా వైపు నుంచి వచ్చి శ్రీకాకుళంలో స్థిరపడ్డారని నాన్న అంటుంటారు. అది నిజమో కాదో తెలుసుకోవాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. డీఎన్‌ఏ పరీక్షలో మగవాళ్ల వరుసను వై క్రోమోజోమ్ అనే జన్యు భాగాన్ని బట్టి చూస్తారు, అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. నేను కూతుర్ని కాబట్టి నా శాంపిల్‌తో నాన్న వైపు మగవాళ్ల వరుస తెలియదు. అందుకే ఆయన పేరుతోనే 8,000 రూపాయలు కట్టి డీఎన్‌ఏ కిట్ తెప్పించాను.

నాన్నకు 76 ఏళ్లు. అరగంట ముందు నుంచి మంచినీళ్లు కూడా తాగకూడదు. ఎండిపోయిన నోటితో, ట్యూబు మీద గీత దాకా ఉమ్మి నింపడానికి ఆయన పడ్డ అవస్థ చూసి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నురగ లెక్కలోకి రాదు మరి.

ఎనిమిది వారాల్లో రిపోర్ట్ అన్నారు కంపెనీవాళ్లు. పదో వారంలో ‘డీఎన్‌ఏ సరిపోలేదు, మళ్లీ పంపండి’ అని మెయిల్. పెద్దవాళ్లకు నోరు ఎండుతుందని వాళ్లకు తెలియదా? ముందే ఒక్క మాట చెప్పాల్సింది. రెండో కిట్ రావడానికి నెల పట్టింది. అదీ పంపాక మూడు నెలలు ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది మేడమ్’. రిఫండ్ అడిగితే, శాంపిల్ ల్యాబ్‌కు చేరాక డబ్బు ఇవ్వరట!

ఆ రోజు నుంచి ఫోన్లు మానేసి అన్నీ రాతపూర్వకంగా అడిగాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ (కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ మాటే తేదీలతో సహా రాశాను. జవాబు లేదు. 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, బిల్లు, మెయిళ్లు జతచేశాను. హెల్ప్‌లైన్ కోర్టు కాదు, ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది. అప్పటికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు. అంత దూరం పోలేదు, పంతొమ్మిదో రోజున డబ్బంతా తిరిగి పడింది.

కానీ నాన్న ఉమ్మి ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. 2025 మార్చిలో అమెరికాలో ఇలాంటి డీఎన్‌ఏ పరీక్షలే చేసే 23అండ్‌మీ కంపెనీ దివాలా పిటిషన్ వేసినప్పుడు, దాదాపు కోటిన్నర మంది జన్యు సమాచారం ఎవరి చేతికి పోతుందోనని ఎంత గొడవైందో చదివాను. అందుకే శాంపిల్ నాశనం చేసినట్టు కాగితం ఇమ్మన్నాను. అకౌంట్ తీసేశామని రాశారు, శాంపిల్ ఊసే లేదు. మూడో మెయిల్ నిన్న పంపాను.