ఆస్తి అడిగిన అమ్మాయి పేరు

ఆదివారం, చిత్తూరు

మా తమ్ముడి కూతురికి ఇంకా పేరు కుదరలేదు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు గడి ఖాళీగానే ఉంది. ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలుస్తున్నారు. అవ్వకి బంగారు, అమ్మకి బుజ్జమ్మ, తమ్ముడికి మేడం. వచ్చే నెల బాప్తిస్మం ఇప్పిస్తామని చర్చి అయ్యగారికి మాటిచ్చేశారు. అందుకని ఈరోజు ఆరాధన అయ్యాక నేరుగా పుట్టింటికే పోయాను. "పేరు పెట్టే హక్కు మేనత్తదే కదక్కా" అని తమ్ముడు ఫోన్లో తెగ మర్యాద చేశాడు. పోయాక తెలిసింది, హక్కు నాదే గానీ లిస్టు మా మరదలిది.

బైబిల్ పేరే కావాలి, పొట్టిగా ఉండాలి, క్లాసులో ఇంకెవరికీ ఉండకూడదు. ఇవీ ఆమె షరతులు. ఫోన్లో వెతికి రాసుకున్న వాటిలో మారా మీద మనసు పడింది. "ఎంత ముద్దుగా ఉందో చూడండి వదినా" అంది.

కుక్కర్ దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న అవ్వ తలెత్తింది. "మారానా? ఇప్పటికే రాత్రంతా మారాం చేస్తా ఉంది. పేరు కూడా ఎందుకమ్మే?"

అందరం నవ్వాం. అవ్వ మాత్రం నవ్వలేదు, నయోమి కథ ఎత్తుకుంది. బేత్లెహేములో కరువొస్తే మొగుడితో, ఇద్దరు కొడుకులతో మోయాబు దేశానికి పోయింది. అక్కడ ముగ్గురూ పోయారు. కోడలు రూతును వెంటబెట్టుకుని తిరిగొస్తే, ఊరి ఆడవాళ్ళు "ఈమె నయోమేనా?" అన్నారు. నన్ను నయోమి అనొద్దు, మారా అనండి అని తనే చెప్పుకుంది. మారా అంటే చేదు. "కడుపు కాలి పెట్టుకున్న పేరది. ఉయ్యాల్లో బిడ్డకి పెడతారా?" అని అవ్వ మళ్ళీ వెల్లుల్లి మీద పడింది. మరదలు ఆ పేరు కొట్టేసింది. దాని కింద దీనా ఉంది. ఆదికాండం 34వ అధ్యాయం ఒకసారి చదువు అని మాత్రం అన్నాను. యాకోబు కూతురికి జరిగిన అన్యాయం, దానికి ఆమె అన్నలు ఒక ఊరినే నరికేసిన తీరు అంతా అందులో ఉంది. ఆ అమ్మాయి నోట ఒక్క మాట కూడా లేదు. మరదలు చదివి, ఏమీ అనకుండా అదీ కొట్టేసింది.

పేరుకి అర్థమేంటని అందరూ అడుగుతారు. ఆ పేరు మోసిన మనిషి ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ.

ఈలోగా గుడియాత్తం నుంచి మరదలి వాళ్ళమ్మ ఫోను. ఆమె వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, ఆమె ఓటు ఐడాకి. 1900లో ఒక్క మంచంతో ఆ ఆసుపత్రికి నాంది పలికిన ఐడా స్కడ్డర్ పేరు అన్నమాట. మగ డాక్టరు చూడకూడదని ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్ళు కాన్పులో చనిపోతే, అది చూసి ఐడా డాక్టరు చదివిందనే కథ మా వైపు తెలియనివాళ్ళు లేరు. నాకు ఆ పేరు నచ్చింది కూడా. "ఆ తల్లి గొప్పదే, కాదనను. కానీ బైబిల్లో లేదు కదా" అని అవ్వ తేల్చేసింది.

తమ్ముడికి వాళ్ళ ఆఫీసులో ఎవరో ఇంకో సలహా ఇచ్చారంట. సర్టిఫికెట్లలో మామూలు పేరు పెట్టు, బైబిల్ పేరు చర్చికి ఉంచుకో అని. ఈ మాట మా వాళ్ళలో చాలా ఇళ్ళల్లో వినపడేదే. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు, ఆ తర్వాత వచ్చిన సవరణలు కలిపి చూస్తే హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వాళ్ళకే ఎస్సీ హోదా. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలూ వాళ్ళ పిల్లలూ బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపులోకి వస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే రెండు పేర్లతో బతికేవాళ్ళని నేను తప్పుపట్టలేను. మా తాత కాలం నుంచి మా ఇంట్లో అందరిదీ బీసీ-సీ సర్టిఫికెటే. ఇప్పుడు కొత్తగా దాచేదేముంది అన్నాను. తమ్ముడూ అదే అనుకున్నాడంట, ఊరికే చెప్పాడు.

అన్నాలయ్యాక అవ్వ తన బైబిల్ తీసుకొచ్చింది. పాత నిబంధన అయిపోయి మత్తయి సువార్త మొదలయ్యే చోట ఒక ఖాళీ పేజీ. మా ఇంటి పుట్టుకలన్నీ అందులోనే. పై వరసలు తాత చేతిరాత, సిరా గోధుమరంగుకి తిరిగింది. మా పెద్దలు బాప్తిస్మం పుచ్చుకున్నది ఆర్కాటు మిషన్ అనే అమెరికా క్రైస్తవ మిషన్ దొరలున్న రోజుల్లో. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, మన జిల్లా పుట్టింది 1911లో. తమాషా ఏంటంటే, ఆ పై వరసల్లో ఒక్క బైబిల్ పేరు లేదు. అన్నీ ఆశీర్వాదం, దేవసహాయం, జ్ఞానమ్మ, కరుణమ్మ లాంటివే. నాన్న తరంలో డేవిడ్‌లూ శామ్యూల్‌లూ మొదలయ్యారు. మా తరానికి సినిమా పేర్లు. ఇప్పుడు పిల్లల వంతు వచ్చేసరికి అందరూ మళ్ళీ బైబిల్ తిరగేస్తున్నారు, అదీ ఎవరూ చదవని పేజీలు.

నేనూ అట్లాంటి పేజీతోనే పోయాను. సంఖ్యాకాండం 27వ అధ్యాయం. సెలోపెహాదుకి కొడుకుల్లేరు, ఐదుగురూ కూతుళ్ళే: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి పోయాక ఐదుగురూ దేవుడి ప్రత్యక్షపు గుడారం ముందుకొచ్చి నాయకుడు మోషే ఎదుట, యాజకుడి ఎదుట, సమాజమంతటి ఎదుట నిలబడ్డారు. కొడుకుల్లేనంత మాత్రాన మా నాన్న పేరు మాసిపోవాలా, మా వాటా మాకివ్వండి అన్నారు. మోషే దేవుణ్ణి అడిగితే, వాళ్ళు చెప్పింది న్యాయమే అని జవాబు వచ్చింది. యెహోషువ కాలానికి భూమి చేతికొచ్చింది కూడా. నాకు ఆఖరిదాని పేరు నచ్చింది. తిర్సా.

తమ్ముడు తెలివైనవాడు. వెంటనే యోబు గ్రంథం చివరి అధ్యాయం తీశాడు. కష్టాలు తీరాక యోబుకి పుట్టిన ఏడుగురు కొడుకుల్లో ఒక్కడి పేరూ అక్కడ లేదు, ముగ్గురు కూతుళ్ళ పేర్లు మాత్రం ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతో పాటు వాళ్ళకీ తండ్రి ఆస్తి ఇచ్చాడు. "కెజీయా బాగుంది కదక్కా, నాన్నే ఇచ్చాడు, గొడవ లేదు" అన్నాడు. నాకు మాత్రం అడిగి తెచ్చుకున్నవాళ్ళే ఇష్టం అన్నాను.

"ఆ ఐదుగురికీ పెళ్ళిళ్ళు ఎవరితో అయ్యాయి?" అని అవ్వ అడిగింది. ఆస్తి వేరే గోత్రానికి పోకూడదని చిన్నాయన కొడుకుల్ని చేసుకున్నారని చెప్పాను.

"అన్నదమ్ముల్నా! వరసా వావీ లేదా వాళ్ళకి?" అవ్వ అట్లా అదిరిపడటం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి తేరుకుని, ఫోన్లో ఆటాడుకుంటున్న మా వాణ్ణి ఎగాదిగా చూసింది. వాడు తొమ్మిదో తరగతి. "మనకైతే మేనత్త కొడుకున్నాడు" అంది. ఆ మాట అక్కడే ఆపు అవ్వా అని గట్టిగానే చెప్పాను.

తమ్ముడు నవ్వుతూనే అడిగాడు. "అయితే నీకూ వాటా కావాలా అక్కా?"

కాణిపాకం రోడ్డులో మాకో చిన్న మామిడి తోట ఉంది, తోతాపురి. నాన్న వీలునామా రాయకుండానే పోయాడు. మాకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. భార్యకి మూడో వంతు పోగా మిగిలింది కొడుకుకీ కూతురికీ సమానం. అది మా ఇద్దరికీ తెలుసు. ఇంతవరకూ ఎవరం ఎత్తలేదు. "అడిగితే ఇస్తావా?" అన్నాను. వాడు బైబిల్లో ఇంకో పేజీ తిప్పాడు. మరదలు మాత్రం నా వైపు చూసి, "తిర్సానే పెడదాం వదినా" అంది.

స్పెల్లింగ్ దగ్గర ఇంకో అరగంట పట్టింది. ఇంగ్లిష్‌లో జెడ్ పెట్టాలా ఎస్ పెట్టాలా, చివర హెచ్ ఉండాలా వద్దా. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను, పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితాలు, పంపే ప్రతిసారీ ఈ హెచ్‌ల వల్ల ఎంత టెన్షనో నాకు తెలుసు. శామ్యూల్ అనే ఒక్క పేరు రిజిస్టర్లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉంటుంది. పైగా 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి స్కూల్ అడ్మిషన్ నుంచి పాస్‌పోర్ట్ దాకా బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. పలికినట్టే రాయండి, ఎస్ చాలు, హెచ్ వద్దన్నాను. ఒప్పుకున్నారు. పుట్టుక రిజిస్టరైన ఏడాది లోపు పేరు రాయిస్తే ఫీజు ఉండదు కాబట్టి ఈ వారంలోనే తమ్ముడు మున్సిపల్ ఆఫీసుకి పోతానన్నాడు.

సాయంత్రం బస్టాండుకి బండి మీద దింపుతూ, తోట సంగతి కోతలయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. సరే అన్నాను. అమ్మని కూడా కూర్చోబెట్టుకుందాం అన్నాను.