అజ్టెక్ నరబలి: లెక్క చూశాకే తీర్పు

స్పానిష్‌వాళ్లు రాకముందు మెక్సికోను ఏలిన అజ్టెక్‌ల నరబలి అనగానే ఎవరో ఒకరు 80,400 అనే సంఖ్య తీస్తారు. 1487లో రాజు అహుయిట్జోట్ల్ రాజధాని తెనోచ్‌తిత్లాన్‌లో (ఇప్పటి మెక్సికో సిటీ) పెద్దగుడిని ప్రతిష్ఠించినప్పుడు నాలుగు రోజుల్లో అంతమందిని బలిచ్చారని దియేగో దురాన్ అనే క్రైస్తవ సన్యాసి రాశాడు, అదీ దాదాపు వందేళ్ల తర్వాత. కాస్త భాగహారం చేసి చూడండి. రాత్రీ పగలూ ఆపకపోయినా నాలుగు సెకన్లకో ప్రాణం పోవాలి. పది బలిరాళ్ల మీద ఒకేసారి చేసినా ఒక్కొక్కరికి 43 సెకన్లు. శవాలు దించే పని దీనికి అదనం. కుదిరే పని కాదు.

అలాగని ‘అంతా స్పానిష్‌వాళ్ల కట్టుకథ’ అనేయడమూ తొందరపాటే. 2015లో మెక్సికో సిటీ కెథడ్రల్ వెనక వీధిలో పుర్రెల కట్టడం బయటపడింది. అజ్టెక్ రాజ్యాన్ని జయించిన స్పానిష్ సేనాని కోర్తెస్ వెంట వచ్చిన ఆంద్రేస్ దె తాపియా వర్ణించినట్టే, పుర్రెలను సున్నంతో కలిపి పేర్చిన గుండ్రటి బురుజు. 2020 చివరికి అందులో 603 పుర్రెలు తేలాయి, ఆడవాళ్లవీ పిల్లలవీ కూడా. తవ్వింది కొంత భాగమే. తాపియా చెప్పిన సంఖ్య మాత్రం 1,36,000. కట్టడం విషయంలో ఆయన మాట నిలబడింది, లెక్క విషయంలో నిలబడలేదు. సాక్ష్యాన్ని ఇలా విడదీసి చూడకపోతే ఏదో ఒక వైపు బోల్తా పడతాం.

బలిచ్చే పద్ధతి ఇదీ. బలిరాయి ఎత్తు అర మీటరు, వెడల్పూ అంతే. నలుగురు పూజారులు కాళ్లూ చేతులూ పట్టి మనిషిని దానిమీద వెల్లకిలా వాలుస్తారు. రాయి చిన్నది కాబట్టి నడుము విల్లులా వంగి రొమ్ము పైకి లేస్తుంది. ఐదో పూజారి చెకుముకిరాతి కత్తితో కోసి గుండె తీస్తాడు. సినిమాల్లో అబ్సిడియన్ కత్తి చూపిస్తారు గానీ, ఆ నల్లటి అగ్నిపర్వత గాజు ఎంత పదునైనా ఎముక తగిలితే పెచ్చులూడుతుంది.

దేవతలు అగ్నిలో దూకి, ప్రాణాలిస్తేనే, మునుపటి నలుగురు సూర్యులు నశించాక, ఇప్పటి ఈ ఐదో సూర్యుడు పుట్టి కదిలాడని వాళ్ల నమ్మకం. కాబట్టి బలి అంటే బాకీ చెల్లింపు. బందీలే కాదు, పూజారులూ మామూలు జనమూ కిత్తనార ముళ్లతో చెవులు, పిక్కలు గుచ్చుకుని రక్తమిచ్చేవారు. తోష్‌కాట్ల్ పండుగ సంగతి ఇంకా లోతైనది. మచ్చలేని యువకుణ్ని ఏడాది ముందే ఎంచి, తెజ్‌కాట్లిపోకా దేవుడి రూపంగా అలంకరించి, పిల్లనగ్రోవి నేర్పేవారు. వీధిలో జనం మొక్కేవారు. చివరి ఇరవై రోజులు నలుగురు భార్యలు. ఆఖరి రోజు ఒక్కో మెట్టు మీద ఒక్కో పిల్లనగ్రోవి విరుస్తూ తనంతట తానే గుడి ఎక్కేవాడు. సహగున్ అనే సన్యాసి అజ్టెక్‌ల భాష నవాత్ల్ మాట్లాడే పెద్దల చేత చెప్పించి రాయించిన 12 భాగాల గ్రంథంలో ఇదంతా ఉంది.

ఇంత అర్థం ఉంది కదా అని వదిలేయాలా? నేను వదలను. పెద్దగుడిలో వానదేవుడు త్లాలోక్ వైపు 42 మంది పిల్లల ఎముకలు దొరికాయి. ఎక్కువమంది రెండు నుంచి ఏడేళ్ల లోపువాళ్లు. 1454 నాటి కరవుకు సంబంధించిన బలి అంటారు. సూర్యుడి బాకీ సంగతి ఆ పసివాళ్లకేం తెలుసు? అది తప్పే. కరవుకు భయపడి చేశారని తెలిసినా తప్పే.

అయితే తీర్పు చెప్పడం వేరు, దాన్ని చూపి దేశం ఆక్రమించడం వేరు. 1550-51లో స్పెయిన్‌లోని వయ్యదొలీద్‌లో జరిగిన చర్చలో, ఆక్రమణను సమర్థించే పండితుడు సెపుల్వెదా నరబలిని ఆపడానికి యుద్ధం న్యాయమే అన్నాడు. బలి వల్ల పోయేవాళ్ల కంటే యుద్ధంలో పోయే అమాయకులే ఎక్కువని, స్థానికుల పక్షాన నిలిచిన సన్యాసి లాస్ కాసాస్ ఎదురు వాదించాడు. అంతకుముందే, 1539లో, అదే మెక్సికోలో బిషప్ సుమార్రగా విచారణ చేసి తెష్‌కోకో నగరపు స్థానిక ప్రభువు డాన్ కార్లోస్‌ను మతద్రోహం కింద మంటల్లో కాల్పించాడు.

ఇదే వాదన మూడు వందల ఏళ్లకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం కొండలకూ వచ్చింది. 1835లో ఘుమ్సర్ రాజు కప్పం బకాయి మీద మొదలైన యుద్ధం, కంపెనీ సైన్యం కొండెక్కాక, కోందు గిరిజనులు భూదేవతకు ఇచ్చే మెరియా అనే నరబలిని ఆపే పనిగా మారింది. బలికోసం ఉంచిన వందలమందిని విడిపించారు. ఆ దండయాత్రల్లోనే కోందుల ఊళ్లు తగలబెట్టారు.