మైకుతో ఒకసారి, మైకు లేకుండా ఒకసారి

అమ్మాయి పురుడు కోసం 2024లో ఎడిసన్ వెళ్లాను. ఒళ్లో పసివాడు, పొయ్యి మీద పాలు: నేను చూసిన న్యూజెర్సీ చాలావరకు అదే. రెండంటే రెండు రోజులు మాత్రం న్యూయార్క్‌లో నా కోసం దొరికాయి. రెండుసార్లూ విన్నది ఒకే గాయనిని, కెల్లీ ఒహారాని.

మొదటిసారి మార్చిలో. "ఇది మ్యూజికల్, అత్తయ్యా. మన నాటకంలాగే మాటలూ పాటలూ ఉంటాయి" అని అల్లుడు వెంటబెట్టుకు వెళ్లాడు. 54వ వీధిలో స్టూడియో 54. 1977 నుంచి డిస్కోగా పేరుమోసిన ఆ భవనాన్ని 1927లో కట్టింది ఒపేరా కోసమేనట, అంటే మొత్తం పాటగానే సాగే నాటకం కోసం! 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' ఆడుతోంది. చాక్లెట్ ఇష్టమన్న అమ్మాయికి చాక్లెట్ కలిపిన మద్యంతో తాగుడు మొదలై, చివరికి కాపురమే కొట్టుకుపోతుంది. సుమారు వెయ్యిమంది పట్టే హాలు. కనబడకుండా అమర్చిన మైకు పుణ్యమా అని ఆమె గొణిగినట్టు పాడినా ప్రతి మాటా నా చెవిదాకా వచ్చింది. స్వరకర్త ఆడమ్ గెటెల్. ఆయన తాత రిచర్డ్ రాడ్జర్స్ బాణీలు కట్టిన 'ద కింగ్ అండ్ ఐ'కే ఈమెకు 2015లో అక్కడి నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. తాత పాటా మనవడి పాటా ఒకే గొంతులో!

ఈమె ఒక్లహోమాలో ఒపేరా చదువుకుందని, న్యూయార్క్‌లోని పెద్ద ఒపేరా హాలు మెట్రోపాలిటన్ ఒపేరాలోనూ పాడుతుందని ఇంటికొచ్చాక తెలిసింది. మేలో 'ద అవర్స్' అనే ఒపేరా అక్కడ మళ్లీ వేస్తున్నారు. ఈసారి ఒంటరిగా బయలుదేరాను, నేత చీర మీద స్వెట్టరు, కాళ్లకు అమ్మాయి బూట్లు.

నాది అన్నిటికన్నా పై అంతస్తు టికెట్టు. మెట్లెక్కేసరికి మోకాళ్లు గోల పెట్టాయి. కింద దాదాపు 3,800 సీట్ల హాలు బావిలా కనిపించింది. ఆట మొదలయ్యే ముందు స్ఫటిక దీపాల గుత్తులు మెల్లగా కప్పుదాకా లేచాయి. నా చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు, నేనేమో నోరు తెరిచాను. ముందు సీటు వీపున చిన్న తెర, దాని మీద పాటల మాటలు. మూడు కాలాల్లో ముగ్గురు స్త్రీల కథ. ఒహారా 1949 నాటి లాస్ ఏంజెలిస్ ఇల్లాలు. భర్త పుట్టినరోజుకి కేకు చేయబోయి ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

ఇక్కడ మైకు లేదు. నిండు ఆర్కెస్ట్రా మీదుగా గొంతు ఒక్కటే రావాలి. మా నాన్న పద్యనాటకాల పిచ్చివాడు. మైకులు రాకముందు పద్యం ఆఖరి వరుసకి ఎలా వినబడేదో చెప్పేవాడు. నేను నమ్మేదాన్ని కాదు. ఆ రాత్రి నమ్మాను. కాకపోతే మొహం బొటనవేలి గోరంత. మాటల కోసం తెర చూస్తే మనిషి జారిపోతుంది, మనిషిని చూస్తే మాట జారిపోతుంది. చివర తక్కిన ఇద్దరు స్త్రీలుగా వేసిన రెనే ఫ్లెమింగ్, జాయ్స్ డిడొనాటో, వాళ్లతో ఒహారా, ముగ్గురూ కలిసి పాడినప్పుడు తెర ఆపేశాను. ఏ గొంతు ఎవరిదో తేల్చుకోవాలని కూడా అనిపించలేదు.

ఇంటికి రైలెక్కే పెన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం నంబరు ఆఖరి నిమిషంలో గానీ వేయరు. నంబరు పడగానే జనంతో పాటు నేనూ కుచ్చిళ్లు ఎత్తిపట్టి పరుగెత్తాను. అల్లుడు కారులోనే అడిగాడు: "ఏది బాగుంది అత్తయ్యా?" మొదటిదే అన్నాను. "మరి ఇంకోసారి వెళ్లాలంటే?" రెండోదానికే అన్నాను.