ఎథిక్స్ పేపర్ రోజు

బుధవారం, రాత్రి పది గంటలు.

ఈ రోజు మా జూనియర్ కళాశాలలో మొదటి సంవత్సరం వారికి నైతికత, మానవ విలువల పరీక్ష జరిగింది. పిల్లలే కాదు, మేమూ దాన్ని ఎథిక్స్ పేపర్ అనే అంటాము. పర్యావరణ విద్య పేపరుతో జంటగా వచ్చిపోయే ఈ పరీక్ష మార్కులు మొత్తంలో కలవవు. కానీ ఇందులో గట్టెక్కకపోతే ఇంటర్ పాస్ సర్టిఫికెట్ చేతికి రాదు.

పదకొండు గంటల ప్రాంతంలో మూడో వరుసలోని ఒక అబ్బాయి మాటిమాటికీ పరీక్ష అట్ట కిందికి చెయ్యి పోనివ్వడం గమనించి దగ్గరకు వెళ్ళాను. అట్ట ఎత్తితే అగ్గిపెట్టెంత మైక్రో జిరాక్స్ కాగితం కనిపించింది. కళ్ళజోడు సవరించుకుని చూశాను. మొదటి పంక్తి "నిజాయితీ - నిర్వచనం". ఆ చేతిరాత నాదే. రావత్తును పంక్తి దాటించి లాగే నా పాత అలవాటు అంత చిన్న అక్షరాల్లోనూ దాగలేదు. డిసెంబరులో నేను రాసిచ్చిన రెండు పుటల నోట్సును వాడు తగ్గించి తీయించుకున్నాడు. "మేడం, ఇది మీరిచ్చిందే" అన్నాడు. ఆ గొంతులో భయం లేదు, నాకేదో గుర్తుచేస్తున్నట్లుంది.

కాగితం తీసుకున్నాను కానీ జవాబు పత్రం లాక్కోలేదు. దాన్ని జాలి అని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. టైంటేబుల్‌లో ఎథిక్స్‌కు కేటాయించిన పీరియడ్లన్నిటినీ ఏడాది పొడుగునా నా చరిత్ర సిలబస్ పూర్తి చేసుకోవడానికి వాడుకుని, చివరికి రెండు పుటలు చేతిలో పెట్టి "ఇవి చదివితే చాలు" అన్నది నేనే.

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎప్పటి చర్చే జరిగింది. బెత్తం పోయిన నాడే విలువలూ పోయాయని లెక్కల సారు 2009 నాటి విద్యాహక్కు చట్టాన్నీ, శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించిన దాని 17వ సెక్షన్‌నూ దుమ్మెత్తిపోశారు. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు సంబంధించినదనీ, మా పిల్లలు పదహారు దాటినవారనీ ఆయన కోపానికి పట్టలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో చాగంటి కోటేశ్వరరావు గారిని సలహాదారుగా నియమించి విద్యార్థుల నైతిక విలువల బాధ్యత అప్పగించినట్లే మన దగ్గరా చేయాలని తెలుగు మేడం అన్నారు. పౌరశాస్త్రం సారు వెంటనే రాజ్యాంగం 28వ అధికరణ ఎత్తుకున్నారు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన కూడదు కదా, మరి ఎవరి విలువలు చెబుతాం అని ఆయన ప్రశ్న. అయితే 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతాల గురించి తెలియజెప్పడం వేరు, మత బోధన వేరు అని అంగీకరించిన సంగతిని కూడా దాచకుండా చెప్పారు. వాదన అంటే అలా ఉండాలి. నాకు ఆయన ప్రశ్నే సమంజసంగా తోచింది, వేమన పద్యం చెప్పుకోవడానికి ఏ అధికరణమూ అడ్డు రాదన్న తెలుగు మేడం మాట కూడా కాదనలేకపోయాను. కానీ ఎవరి విలువలన్న దాకా వెళ్ళిన మాలో ఎవరమూ, అసలు ఆ పీరియడ్‌కు తరగతి గదిలోకి ఎవరు వెళ్ళారని అడగలేదు. అడిగితే మొదట నేనే తలదించుకోవలసి వచ్చేది. నేనూ నోరు మెదపలేదు.

సాయంత్రం ఆఫీసు గుమస్తా ఎథిక్స్ బోధనా రిజిస్టరు తెచ్చి, "తేదీలు వేసి సంతకం పెట్టండి మేడం, సోమవారానికి కావాలట" అని నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. జూలై నుంచి గడులన్నీ ఖాళీ. పోయిన ఏడాది పుట తిప్పి చూస్తే అన్ని గడులూ నిండుగా ఉన్నాయి, ఒకే సిరా, ఒకే వాలు, ఒకే పూటలో కూర్చుని రాసినట్లు. ఆ రావత్తులన్నీ పంక్తి దాటి సాగి ఉన్నాయి.

రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. ఆ జిరాక్స్ కాగితం కూడా అందులోనే ఉంది. ఇంకా ఏమీ నింపలేదు.