రేటింగ్ 900 దాటొద్దని మా బామ్మర్ది మొక్కు

సంక్రాంతికి మా నల్గొండ దిక్కు ఊర్లలో టెన్నిస్ బాల్ టోర్నమెంట్ పెడితే పాంప్లెట్ అడుగున ఒక లైన్ తప్పకుండా ఉంటుంది: బయటి ప్లేయర్లకు అనుమతి లేదు, ఆధార్ తప్పనిసరి. అయినా సెమీస్‌కి వచ్చేసరికి ఎల్బీ నగర్ నుంచి ఎవడో దిగుతాడు. లీగ్ క్రికెట్ ఆడేవాడని బ్యాట్ పట్టుకున్న తీరులోనే తెలిసిపోతుంది, ఆధార్‌లో అడ్రస్ మాత్రం తిప్పర్తి మండలమే. ఇంకేముంది, అంపైర్ చుట్టూ గుంపు, మైకులో కమిటీ వాళ్ల బతిమాలుడు. మనిషి ఏ ఊరివాడో ఆధార్ చెప్తుంది గానీ ఎంత ఆడతాడో ఎట్లా చెప్తుంది?

ఈ గొడవకి సరిగ్గా మందు లాంటిది నాకు మా బామ్మర్ది దగ్గర దొరికింది. వాడు నార్త్ కరోలినాలో ఉంటాడు, శని ఆదివారాలు డిస్క్ గోల్ఫ్. ప్లాస్టిక్ డిస్క్‌ని టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర నుంచి విసురుకుంటూ పోయి గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయాలి, మామూలుగా ఇట్లాంటివి 18 హోల్స్, అన్నీ తిరిగితే ఒక రౌండ్, తక్కువ త్రోలు వేసినవాడు గెలిచినట్టు. ఆ గొలుసుల బుట్ట ఎడ్ హెడ్రిక్ అనే ఆయన చలవ. 1976లో పీడీజీఏ అనే ఆటగాళ్ల సంఘం మొదలుపెట్టిందీ ఆయనే, ఒకటో నంబర్ మెంబరూ ఆయనే. 2002లో పోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను కలిపి డిస్కులు పోశారు. మనం కృష్ణలో కలుపుతాం, వాళ్లు డిస్కుల్లో కలిపారు, ఎవరి భక్తి వాళ్లది.

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేసి "బావా, నా రేటింగ్ 897 అయింది" అన్నాడు ఏడుపు గొంతుతో. పెరిగితే మంచిదే కదరా అన్నా. "ఏం మంచిది, ఇంకో మూడు పెరిగితే నా పని అయిపోయినట్టే" అన్నాడు.

సంగతేంటంటే ఆడిన ఒక్కో రౌండ్‌కి పాయింట్లు వేసి, వాటి సగటుని ఆటగాడి రేటింగ్ అంటారు, అది ఎంత ఎక్కువైతే అంత మంచి ఆటగాడు. అమెచ్యూర్లలో ఈ రేటింగ్‌ని బట్టి డివిజన్లు ఉంటాయి. 850 లోపు వాళ్లకొకటి, 900 లోపు వాళ్లకొకటి, 935 లోపు వాళ్లకొకటి, ఆపైన ఇంకొకటి. తక్కువ రేటింగ్ వాడు పై డివిజన్‌లో ఆడొచ్చు గానీ ఎక్కువ రేటింగ్ వాడు కిందికి దిగి చిన్నోళ్ల బహుమతులు ఎత్తుకుపోవడానికి లేదు. మావాడు ఇన్నాళ్లూ 900 లోపు వాళ్లలో రాజాలా గెలుస్తున్నాడు, 900 వచ్చిందంటే పైవాళ్ల మధ్య పడి నలగాలి. బయటి ప్లేయర్ గొడవని వాళ్లు ఒక్క నంబర్‌తో తీర్చేశారు, ఆధార్ జిరాక్స్ అక్కర్లేదు.

మరి కావాలని రెండు రౌండ్లు చెత్తగా ఆడి రేటింగ్ దించుకోవచ్చు కదా అని అడిగా (నాకు వచ్చేవన్నీ ఇట్లాంటి ఆలోచనలే). దానికీ అడ్డుకట్ట ఉంది. నీ సగటు కంటే 100 పాయింట్లకు మించి పడిపోయిన రౌండ్‌ని లెక్కలోంచి తీసేస్తారు. మామూలుగా చివరి 12 నెలల రౌండ్లు చూస్తారు, తగినన్ని ఉంటే వాటిలో ఇటీవలి పావు వంతుకి రెట్టింపు విలువ. అంటే ఈమధ్య బాగా ఆడుతున్నవాడు పాత లెక్కల చాటున ఎక్కువ కాలం దాక్కోలేడు.

అసలు తెలివంతా రౌండ్‌కి రేటింగ్ వేసే పద్ధతిలో ఉంది. గ్రౌండ్ ఎంత కష్టమో ఎవరూ టేపు పెట్టి కొలవరు, ఆ రోజు ఆడినవాళ్లే కొలబద్ద. 1000 రేటింగ్ అంటే మంచి చేయి తిరిగినవాడు. ఒక కోర్సులో (అంటే ఆడే గ్రౌండ్‌లో) ఆ రోజు 900 దగ్గర ఉన్నవాళ్లకు సగటున 60 త్రోలు, 950 వాళ్లకు 55 పడ్డాయనుకోండి, అదే వరసలో 1000 వాడికి 50 పడాలి. అంటే అక్కడ ఒక్కో త్రో పదేసి పాయింట్లు, 54 వేసినవాడికి ఆ రౌండ్‌కి 960. మర్నాడు అదే చోట ఈదురు గాలి వచ్చి 900 వాళ్లు 64 వేశారంటే, ఆ రోజు 60 వేసినవాడి రౌండ్ 900 కంటే చాలా పైకి పోతుంది. గాలినీ వాననీ విడిగా లెక్కేయక్కర్లేదు, అందరి స్కోర్లలోనే అవి కూడా ఉన్నాయి. కోర్సు చిన్నదై త్రోలు తక్కువ పడేచోట ఒక్కో త్రో పదికి మించి తూగుతుంది, పెద్ద కోర్సులో తక్కువ తూగుతుంది. అయితే కొలబద్దగా అందరూ పనికిరారు, కనీసం 8 రౌండ్ల మీద 799 దాటిన రేటింగ్ ఉండాలి, అట్లాంటి వాళ్లు ఐదుగురైనా లేకపోతే ఆ రౌండ్‌కి రేటింగే రాదు.

చెస్‌లో ఇట్లా ఉండదు. మన వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబర్ రేటింగ్ లిస్టులో 2801కి వచ్చాడంటే అది ఎదురుగా కూర్చున్నవాళ్లను ఓడించో, డ్రా చేసో తెచ్చుకున్నది. డిస్క్ గోల్ఫ్‌లో ఎదుటివాణ్ణి ఓడించావా లేదా అన్న లెక్కే లేదు, ఆఖరున వచ్చినా రేటింగ్ పెరగొచ్చు, కప్పు కొట్టినా తగ్గొచ్చు.

ఇది మా అత్తమ్మకు చెప్పడం నా వల్ల కాలేదు. ఆమెకు కావాల్సింది ర్యాంకు. "897 అంటే ఎంతమందిలో బాబూ?" ర్యాంకింగ్ వేరే ఉంటుంది అత్తమ్మా, అది పెద్ద పెద్ద టోర్నీల్లో ఎన్నో స్థానంలో వచ్చారో చూసి పైస్థాయి వాళ్లకు ఇచ్చేది, మనవాడిది రేటింగ్ అంటే, ఎంసెట్‌లో కూడా మార్కులు చెప్పి ర్యాంకు దాచేవాడు అని వాడి పాత బాకీలు తీసింది.

నాకు ఒక్కటే నచ్చలేదు. నీ రేటింగ్ పక్కవాళ్ల రేటింగ్ మీద నిలబడింది, వాళ్లది ఇంకెవరి మీదనో. ఆటకి తగ్గంత రేటింగ్ ఇంకా రాని కుర్రాళ్లు, రోజురోజుకూ చేయి తిరుగుతున్నవాళ్లు, ఒకే చోట పోగై ఆడితే అందరూ బాగా ఆడినా కొలబద్దే కిందికి ఉంటుంది కాబట్టి అందరికీ తక్కువే పడుతుంది. పెద్ద టోర్నీల్లో ఇది సర్దుకుంటుంది గానీ చిన్న ఊళ్లో పదిమందే తమలో తాము ఆడుకుంటుంటే కష్టం. అందుకే ఎవరైనా నా రేటింగ్ ఇంత అంటే నేను ఇప్పుడు ముందు ఎన్ని రౌండ్ల మీద అని అడుగుతున్నా. మూడు రౌండ్ల 880ని, నలభై రౌండ్ల 880ని ఒకే డివిజన్‌లో కూర్చోబెడతారు మరి.