ఇస్కపల్లి ఉప్పు నుంచి చీమకుర్తి రాయి దాకా

ఫొటోగ్రఫీ వర్క్‌షాపుకు తారీఖు పెట్టేముందు నేను చూసేది వాతావరణ సూచన కాదు, పంచాంగం. నెల్లూరు, ఒంగోలు వైపు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లి ఫొటోల స్టూడియోవాళ్లే. ముహూర్తాలున్న వారంలో పెడితే పేర్లిచ్చిన పదిమందిలో ఇద్దరొస్తారు, ఆ ఇద్దరి చెవులూ ఫోన్లకే అతుక్కుని ఉంటాయి. ఆషాఢంలో అందరికీ తీరికే గానీ అప్పటికి పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు చల్లారిపోయి ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి వానలు, వాయుగుండాలు. ఇక మిగిలేది సంక్రాంతి వెళ్లాక పుష్యం చివరి రోజులు, లేదంటే ఫిబ్రవరి, మార్చిలో మూఢం పడితే ఆ రోజులు. అప్పటికి ఉప్పు మళ్లలో పని నడుస్తుంటుంది, బ్యారన్లు మండుతుంటాయి, పెళ్లిళ్లు ఉండవు.

దారి నెల్లూరు నుంచి ఒంగోలు, అక్కణ్నుంచి చీమకుర్తి. నాలుగు రోజులు. ఈ దారినే పట్టుకోవడానికి కారణం ఒక్కటే. కెమెరాలో వెలుగును కొలిచే మీటరుకు తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు. ఎదురుగా ఏది పెట్టినా దాన్ని మధ్యరకం బూడిదరంగులోకి తేవాలని చూస్తుంది. తెల్లచీర మాసినట్టు రావడానికీ, పెళ్లికొడుకు నల్లకోటు వెలిసిపోయినట్టు రావడానికీ ఇదే కారణం. బోర్డు మీద గంటసేపు చెప్పినా ఇది బుర్రకెక్కదు. తెల్లటి ఉప్పు, గోధుమరంగు పొగాకు, నల్లటి రాయి ఒకే ప్రయాణంలో వరసగా దొరికే చోటు ఇదొక్కటే నాకు తెలిసి.

మనుషులు పదిమందికి మించకూడదు. టెంపో ట్రావెలర్లో సీట్లు ఎక్కువే ఉంటాయి గానీ వెనక వరస మొత్తం బ్యాగులకూ ట్రైపాడ్‌లకూ వదిలేయాలి.

మొదటి రోజు మధ్యాహ్నం నెల్లూరులో క్లాసు. లాడ్జిలో హాలు మాట్లాడుకునేటప్పుడు "ప్రొజెక్టర్ ఉంది సార్" అంటారు. ఉంటుంది, దాని బల్బు పసుపుబారి ఉంటుంది. రంగుల గురించి పాఠం చెప్పేవాడికి ఆ గోడను చూపించడం కన్నా ల్యాప్‌టాప్ చుట్టూ ఐదుగురు చొప్పున రెండు జట్లను కూర్చోబెట్టడం నయం. ఐదు మీటర్ల హెచ్‌డీఎమ్‌ఐ వైరు, టైప్-సి కన్వర్టరు, రెండు ఎక్స్‌టెన్షన్ బాక్సులు నా సంచిలోనే ఉంటాయి. ఇంకో సంగతి: గది తలుపు దగ్గర గాడిలో కార్డు పెడితేనే కరెంటొచ్చే లాడ్జిల్లో, బ్యాటరీని చార్జింగ్‌కు పెట్టి ఆ కార్డు తీసుకుని టిఫినుకు వెళ్తే, తిరిగొచ్చేసరికి చార్జింగ్ ఎక్కడ వదిలామో అక్కడే ఉంటుంది. రాత్రి చార్జింగ్ అయిందా లేదా అని పడుకోబోయేముందు పది గదులూ తట్టడం కూడా మాస్టారి పనే.

రెండో రోజు మైపాడు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్ల లోపే. జనవరి చివర్లో ఇక్కడ పొద్దు పొడిచేది 6:40 ప్రాంతంలో. 5:15కు బండి కదిలితే ఆరింటికి ఇసుకలో ఉంటాం. అసలు రంగులన్నీ సూర్యుడు రాకముందు ఇరవై నిమిషాల్లోనే. బింబం అంచు కనపడిన దగ్గర్నుంచి పూర్తిగా నీళ్లు వదిలి పైకి రావడానికి రెండు నిమిషాల పైచిలుకు, అంతే. ఆ రెండు నిమిషాల్లో లెన్సు మార్చుకుందామనుకునేవాడికి ఏమీ మిగలదు. అరగంట దాటితే ఎండ తెల్లబడుతుంది. వెలుగు రంగును బట్టి ఫొటో రంగుల్ని సరిదిద్దే వైట్ బ్యాలెన్సును ఆటోలో వదిలేస్తే ఆ నారింజరంగును కెమెరా తప్పుగా అనుకుని దిద్దేస్తుంది, కాబట్టి డేలైట్‌లో కట్టిపడేయాలి. వలలు సర్దుకునే మనుషుల్ని నీడబొమ్మలుగా తీయాలంటే ఆకాశం మీద మీటరు చూసుకుని అక్కడే లాక్ చేస్తే చాలు.

ఆ ఉదయం ముగ్గురి లెన్సులైనా పొగబారతాయి. రాత్రంతా ఏసీలో చల్లబడ్డ గాజుకు తీరం మీది చెమ్మగాలి తగలగానే నీరు పడుతుంది. చొక్కా అంచుతో తుడిస్తే మళ్లీ పడుతుంది, పైగా గీతలు. మందు తేలికే. పడుకునేముందు కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయాలి. బండెక్కాక కవరు విప్పకుండా ముప్పావుగంట అలాగే ఉంచితే నీరు కవరు పైన పడుతుంది గానీ గాజు మీద కాదు. ఆ బండిలో డ్రైవరు ఏసీ వేస్తే చేసిందంతా వృథా. అందుకే మైపాడు దారిలో మా బండికి కిటికీలు తెరిచే ఉంటాయి, చలికి అందరూ మఫ్లర్లు కట్టుకుని కూర్చుంటారు.

ట్రైపాడ్ సంగతి వేరు. అల వెనక్కి పోతూ కాలి కింది ఇసుకను లాక్కుపోతుంది. మన పాదాల కింద ఎలా జారుతుందో దాని కింద కూడా అంతే. ఒక సెకను ఎక్స్‌పోజరులో ఆ జారుడు చాలు ఫొటో చెడిపోవడానికి. మూడు కాళ్లకూ మూడు కొబ్బరిచిప్పలు, వెల్లకిలా పెట్టి, అందులో కాలు దిగేలా నిలబెడితే బరువు పరుచుకుని కుంగడం తగ్గుతుంది. అల పోయాక నొక్కాలి, వచ్చేలోపు తీసేయాలి. గదికొచ్చాక కాళ్లు పూర్తిగా సాగదీసి మంచినీళ్లతో కడిగి, ఆరాకే మూయాలి. ఇసుకతో మూస్తే మరలు అరిగిపోతాయి. ఉప్పునీటి తడితో మూస్తే నెలలోపే తుప్పు పట్టుకుంటుంది. కెమెరా ఒళ్లు మాత్రం కడగొద్దు. తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి తుడిస్తే సరి.

తొమ్మిదిన్నరకు నెల్లూరు తిరిగొచ్చి కారం దోసె. మధ్యాహ్నం ఎడిటింగ్ క్లాసు. భోజనంలో చేపల పులుసు పెట్టించారో, ఆ తర్వాత రెండు గంటలు చెప్పింది చెప్పినట్టు గాల్లో కలిసిపోతుంది. పులుసును నేనిప్పుడు రాత్రికి మార్చాను.

మూడో రోజే అసలు రోజు. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరి కోవూరు దాటి అల్లూరు మీదుగా ఇస్కపల్లి. ఎండెక్కకముందే పని ముగించుకోవాలని ఉప్పు మళ్లలో మనుషులు చీకటితోనే దిగుతారు. మనం కూడా అంతే.

ఉప్పు ఎలా పండుతుందో తెలియకుండా తీస్తే అన్నీ ఒకేలాంటి ఫొటోలొస్తాయి. సముద్రపు నీటిని ముందు పెద్ద మళ్లలోకి పెడతారు. ఎండకు చిక్కబడే కొద్దీ ఒకదాన్నుంచి ఒకదానికి మళ్లిస్తారు. నీటి చిక్కదనాన్ని చెప్పే బామే కొలతలో 25 డిగ్రీల దగ్గరికొచ్చాక ఉప్పు గింజకట్టడం మొదలవుతుంది. 29, 30 దాటితే మిగిలిన నీటిలో మెగ్నీషియం లవణాలు పెరిగి ఉప్పు చేదెక్కుతుంది, ఆ నీటిని బయటికి వదిలేస్తారు. మొదటి మళ్లలో నీరు పలచగా, లోతుగా ఉండి ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది. చివరి మళ్లలో నీటి మీద తెల్లటి పొర తేలుతూ ప్రతిబింబం చెదిరిపోతుంది. అద్దం కావాలంటే ఆ పక్కకి, తెలుపు కావాలంటే ఈ పక్కకి నడవాలి. సముద్రపు గాలి లేచేదాకే ఆ అద్దం. పొద్దెక్కి గాలి తిరిగిందంటే నీరు వణుకుతుంది.

నడవడానికీ పద్ధతుంది. "నాయనా, గట్టు మీద నడువు, మడిలోకి దిగమాక" అని అక్కడి పెద్దమ్మ ఒకరు కేకేస్తే తప్ప మావాళ్లకు తెలియలేదు. బూటుకంటిన బురద ఉప్పులో పడితే ఆ మేర ఉప్పు నల్లబడుతుంది, ధర పడిపోయేది వాళ్లకు. కాబట్టి గట్టు దిగకూడదు, అడక్కుండా ముఖాలు తీయకూడదు, పని ఆపించి నిలబెట్టకూడదు. డబ్బులివ్వడం నాకు నచ్చదు. ప్రతి బ్యాచ్ నుంచీ 4×6 ప్రింట్లు వేయించి, తర్వాతి బ్యాచ్‌తో వచ్చినప్పుడు ఇస్తాం. పోయినేటి ప్రింటు చేతిలో పడ్డాక మనల్ని చూసే చూపే మారిపోతుంది.

ఇక మీటరు. పొడవాటి కర్రకు అడ్డపలక బిగించి ఉప్పును గట్టుకు లాగుతున్న మనిషి, వెనక కుప్పలు, ఫ్రేములో ముప్పాతిక తెలుపు. లెన్సు అపర్చరు ఎఫ్/8 దగ్గర ఉంటే షట్టరు 1/800 సెకను చాలంటుంది మీటరు. దాన్ని నమ్మి తీస్తే ఉప్పు సిమెంటులా, మనిషి మసిబొమ్మలా వస్తారు. 1/250కి దింపాలి, అంటే మీటరు మాటను దిద్దే కాంపెన్సేషన్ ప్లస్ 1.7 స్టాపులు. ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు. హిస్టోగ్రామ్, అంటే ఎడమన నలుపు నుంచి కుడిన తెలుపు దాకా ఫొటోలో ఏది ఎంతుందో చూపే గ్రాఫు, కుడిగోడకు ఆనుకునేలా ఉండాలి గానీ గోడెక్కకూడదు. తెర మీద బొమ్మను చూసి నిర్ణయించుకోవద్దని పదిసార్లు చెబుతాను. ఆ తెల్లటి వెలుగులో కంటిపాప చిన్నదై తెర నల్లగా కనిపిస్తుంది, జనం అవసరానికి మించి వెలుగు పెంచేస్తారు. తువ్వాలు తలమీద కప్పుకుని హిస్టోగ్రామ్ చూసుకోవడమే మార్గం. పెళ్లిమంటపంలో ఆ పని చేస్తే నవ్వుతారు, ఇక్కడ ఎవరూ పట్టించుకోరు.

పోలరైజర్ ఫిల్టరు అందరూ కొని తెచ్చుకుంటారు, బిగించి మరిచిపోతారు. నీటి మీది మెరుపు తీసేయడం దాని పని. మనకు ఆ మెరుపే కావలసినప్పుడు తీసి జేబులో వేసుకోవాలి. ఇంకో విడ్డూరం ఈ మళ్లలోనే కనిపిస్తుంది. మామూలుగా నడినెత్తిన ఎండలో ముఖాలు తీయొద్దంటాం, కళ్ల కింద గుంటలు పడతాయని. ఇక్కడ ఉప్పే కింది నుంచి రిఫ్లెక్టరులా పనిచేసి ఆ గుంటల్ని నింపేస్తుంది. పదకొండింటికి తీసిన ముఖాలు కూడా బాగుంటాయి. ఆసరికి మాత్రం మన కళ్లు మండిపోతుంటాయి.

బయల్దేరేముందు ఒక గుప్పెడు ఉప్పు, గట్టు మీది కుప్ప నుంచి అడిగి తీసుకుని, రెండు కవర్లలో కట్టి, కెమెరా బ్యాగులో కాకుండా డ్రైవరు పక్కన పెట్టించాను. మర్నాటికి కావాలి.

కావలిలో భోజనం చేసి హైవే మీద ఉలవపాడు, సింగరాయకొండ దాటితే టంగుటూరు. చుట్టుపక్కల ఊళ్లలో బ్యారన్ల పొగ దూరం నుంచే తెలుస్తుంది. ఇక్కడ పాఠం చిన్నదే. కర్రలకు కట్టిన ఆకు పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి గోధుమరంగుకు తిరిగే దశల్లో మీటరు చెప్పింది దాదాపు సరిపోతుంది. మధ్యరకం వెలుగు అంటే ఏమిటో కంటికి పట్టించడానికే ఆగడం. చిక్కంతా రంగుతో. ఆటో వైట్ బ్యాలెన్స్ పసుపును తినేస్తుంది, ఆ పసుపే రైతుకు రేటు. డేలైట్‌లో పెట్టి తీసి, ఆకును పక్కన పెట్టుకుని తెర మీది బొమ్మతో పోల్చమంటాను. బ్యారన్ లోపల వేడి దశలవారీగా పెంచుతూ చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. మండుతున్న బ్యారన్ తలుపు ఫొటో కోసం తెరవమని అడగడం తప్పు, వేడి పడిపోతే ఆకు పాడవుతుంది. ఆకు దించే రోజు దొరికితే అదృష్టం. దొరక్కపోతే కొట్టంలో ఆకు కట్టే ఆడవాళ్లు, పక్కనుంచి పడే వెలుగు, సెన్సారు సున్నితత్వం ఐఎస్ఓ 1600, షట్టరు 1/125. అరగంట చాలు.

రాత్రి ఒంగోలు. అందరూ మైసూరుపాకు కోసం బజారుకెళ్తే నేను కార్డులు పోగేసుకుంటాను. ఆ రోజు ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కేదాకా ఏ కార్డూ ఫార్మాట్ చేయకూడదు. ఆ రెండు డిస్కులూ ఒకే బ్యాగులో ఉంటే అవి రెండు కాదు, ఒకటే. ఒకటి నా దగ్గర, ఇంకోటి వేరేవాళ్ల బ్యాగులో వెళ్తుంది.

నాలుగో రోజు చీమకుర్తి నల్లరాతి క్వారీలు. చీమకుర్తి ఒంగోలుకు ఇరవై కిలోమీటర్ల దూరం, కర్నూలు రోడ్డు మీద. క్వారీల్లోకి ఊరికే వెళ్లిపోవడం కుదరదు. వారం ముందే యాజమాన్యంతో మాట్లాడి, ఎంతమంది, ఏ టైముకు, ఎక్కడ నిలబడతారు అన్నీ రాసివ్వాలి. హెల్మెట్లు, బూట్లు తప్పనిసరి. పేలుళ్ల వేళలు ముందే కనుక్కుని ఆ వేళకు బయట ఉండాలి. ఒకసారి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాం, ఫోన్లో సరేనన్న మనిషి ఆ రోజు సెలవు. అప్పట్నుంచి మాట కాదు, కాగితం.

అంచున నిలబడి చూస్తే మెట్లుమెట్లుగా కిందికి దిగిపోయిన గొయ్యి, అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా ఉంటాయి. రాతిగోడ మీద ఎప్పుడూ బూడిదరంగు దుమ్ము ఉంటుంది కాబట్టి, రాయి నల్లదైనా కాంపెన్సేషన్ మైనస్ 1 సరిపోతుంది. ఆ దుమ్ముతోనే జాగ్రత్త. లోపల లెన్సు మార్చొద్దు. జూమ్ లెన్సు సాగినప్పుడల్లా గాలితోపాటు దుమ్మునూ పీలుస్తుంది, ఒకటే లెన్సుతో, జూమ్ తిప్పుళ్లు తగ్గించుకుని తీయాలి. గదిలో ముందు రబ్బరు బ్లోయరుతో ఊది, ఆ తర్వాతే బ్రష్షు. రాతిపొడిని నేరుగా తుడిస్తే గీతలు పడతాయి. సెన్సారు మీద పడిందో లేదో తెలియాలంటే ఎఫ్/16 పెట్టి తెల్లటి ఆకాశాన్ని ఒకటి తీసి చూడాలి, మచ్చలు బయటపడతాయి.

చివరి మజిలీ పాలిష్ యూనిట్. ఇక్కడి నల్లరాయికి గెలాక్సీ అని పేరు, అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఎదురుగా నిలబడి తీస్తే పలకలో మనమే కనిపిస్తాం. పలకకు ఏటవాలుగా నిలబడి పోలరైజర్ తిప్పితే ప్రతిబింబం తగ్గి లోపలి చుక్కలు తేలతాయి. ఆ చుక్కలకు పక్కనుంచి పడే గట్టి వెలుగు కావాలి, మబ్బు పడితే రాయి బొగ్గే.

అక్కడ ఎండలో ఆరబెట్టిన ఒక నల్లపలక మీద ఇస్కపల్లి ఉప్పు గుప్పెడు పోయించాను. అప్పటికే కవరులో కాస్త చెమ్మెక్కి ముద్దలు కట్టింది, వేళ్లతో విడదీశాం. కెమెరా మాన్యువల్లో, ఐఎస్ఓ 100, ఎఫ్/8, మీటరు స్పాట్‌లో, అంటే ఫ్రేములో ఒక చిన్న చోటునే కొలిచేలా. ఉప్పు మీద పెడితే 1/1600 చూపించింది. రాయి మీద పెడితే 1/80. పదిమందీ తమ తమ అంకెలు కాగితం మీద రాసుకున్నారు, కాస్త అటూఇటూగా అందరివీ అవే. ఉప్పు అంకె నుంచి రెండు స్టాపుల పైచిలుకు కిందికి దిగమన్నాను, రాయి అంకె నుంచి రెండు స్టాపులు పైకెక్కమన్నాను. రెండు వైపుల నుంచి వచ్చినవాళ్లూ 1/320 దగ్గరే కలిశారు. ఆ అంకెతో తీసిన ఫొటోలో ఉప్పు గింజగింజగా తెల్లగా, రాయి చుక్కలతో సహా నల్లగా ఉంది. పాలిష్ యూనిట్ మేస్త్రి వచ్చి, "అయిపోతే ఆ ఉప్పు కడిగెయ్యండి సార్, పలక లోడింగుకు పోవాల" అన్నాడు. బకెట్‌తో నీళ్లు తెచ్చి కడిగాం. తడి ఆరేలోపు అందరూ ఇంకో నాలుగేసి తీసుకున్నారు, తడిరాయికి 1/80 కాస్తా 1/60 అయింది.